రేడియో కనిపెట్టనోడు రేడియోకు రాజెట్లయ్యిండు?

ఫోన్‌ల ఎఫ్‌ఎం వినాలంటె ఇయర్‌ఫోన్ వైరు గుచ్చాలె. వైరు లేకుంటె పాట రాదు. ఎందుకంటె ఆ వైరే ఏంటెన్నా. గిది మీకందరికి ఎరుకే. గని ఆ నంబర్లు 88 కాడనే ఎందుకు షురూ అయితయి, 108 కాడనే ఎందుకు ఆగుతయి అని ఎన్నడన్న సోచాయించిన్రా? ఆ నంబర్ల ఎనుక ఇద్దరు దోస్తుల కొట్లాట ఉన్నది. ఒకడు పుట్టిన ఊరు ఇడిసి వలసొచ్చిన గరీబు ఇంటి పిలగాడు, డేవిడ్ సార్నాఫ్. ఇంకొకడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. మొదటోని పేరు లోకమంత ఎరుక. రెండోని పేరు ఎంతమందికి తెలుసు?

పేపర్లు అమ్మిండు, కష్టపడ్డడు, కోట్లు సంపాదించిండు, నువ్వు గూడ కష్టపడు. మన ఫోన్లల్ల తిరిగే మోటివేషన్ వీడియోలు పెద్దోళ్ల బతుకులను గిట్ల నాలుగు ముక్కలల్ల చెప్పి కతం జేస్తయి. సార్నాఫ్ బతుకును గట్ల చెప్తె అబద్ధం కాదు, గని సగమే. మిగిలిన సగం గూడ చెప్పాలనే ఈ రాత.

ఊరు ఇడిసిన పిలగాడు

1891 ఫిబ్రవరి 27న మిన్‌స్క్ పట్నం దగ్గరి ఉజ్లానీ అనే పల్లెల పుట్టిండు సార్నాఫ్. ఇప్పుడది బెలారస్ దేశం, గప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడి. ఇంటోళ్లు యూదులు. ఆ రాజ్యంల యూదులకు ఇష్టమొచ్చిన తావున ఉండే హక్కు గూడ లేకుండె. నాయిన అబ్రహం ఇండ్లకు రంగులేసి బతికేటోడు. ముందుగాల ఆయన ఒక్కడే అమెరికా పోయిండు. మన ఊర్లకెళ్లి గల్ఫ్ పోయినోళ్ల లెక్కనే. అక్కడ రెక్కలు ముక్కలు చేసుకుని పైసలు జమ చేసి, ఇంటోళ్లను పిలిపిచ్చుకునేసరికి ఏండ్లు పట్టింది. ఆ నడుమ పిలగాణ్ణి చుట్టపాయన కాడ ఉంచిన్రు. ఆయన మతగురువు. పొద్దు పొడిచినకాడికెళ్లి పొద్దు మీకేదాక మతగ్రంథాలు చదివిచ్చుడే. ఆట లేదు, పాట లేదు.

1900ల తల్లితోని, తమ్ముళ్లతోని న్యూయార్క్ చేరిండు. వయసు తొమ్మిదేండ్లు. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. వలసొచ్చినోళ్లంత కిక్కిరిసి ఉండే లోయర్ ఈస్ట్ సైడ్ బస్తీల ఇరుకు ఇల్లు. నాయినకు పాణం బాగలే. ఇంటి బరువు పిలగాని మీద పడ్డది. తెల్లారకముందే లేసి యిడ్డిష్ భాష పేపర్లు అమ్మిండు. యూదుల గుడిల పాటలు పాడి నాలుగు పైసలు తెచ్చిండు. పద్నాలుగేండ్లకు సొంతంగ పేపర్ల బడ్డీ పెట్టుకున్నడు. పదిహేనేండ్లకు బడి బందైంది.

1906ల ఒక పేపర్ ఆఫీసుల నౌకరీ అడుగుదామని పోయిండు. అదే బిల్డింగుల తొవ్వ తప్పి టెలిగ్రాం కేబుల్ కంపెనీల అడుగుపెట్టిండు. వాళ్లు తార్లు అందించే పోరగాడు కావాలన్నరు, చేరిండు. కొన్ని నెలలకు యూదుల కొత్త సంవత్సరం పండుగ వచ్చింది. గుడిల పాడాలె, జీతం లేకున్నా పర్వాలేదు, సెలవియ్యమన్నడు. సెలవుకు బదులు నౌకరీల నుంచే తీసేసిన్రు. ఆ ఏడు సెప్టెంబర్ 30న మార్కోని వైర్‌లెస్ కంపెనీల ఆఫీస్ బాయ్‌గ చేరిండు. వారానికి 5 డాలర్ల 50 సెంట్లు. ఊడ్చుడు, ఫైళ్లు మోసుడు ఆయన పని. ఆ ఫైళ్లే సదువుకున్నడు. మోర్స్ కోడ్ తనకు తానే నేర్చుకున్నడు. మార్కోని న్యూయార్క్ వచ్చినప్పుడు ఆయన ఎంబడి తిరిగి, పనులు చేసి పెట్టి, మెప్పు పొందిండు. కొన్నేండ్లల్ల ఆపరేటర్ అయ్యిండు. ఓడల మీద పోయిండు, దీవి మీది స్టేషన్ల కూసొని సందేశాలు అందుకున్నడు.

ఇంతవరకు ఎవ్వలు వంక పెట్టేదేం లేదు. సర్కారు బడిల సదివి, మిగిలింది సొంతంగ నేర్చుకున్న నాలాంటోళ్లకు ఈ ముచ్చట చదివితె రోమాలు లేస్తయి.

టైటానిక్ కథ

1912 ఏప్రిల్‌ల టైటానిక్ ఓడ మునిగి దగ్గర దగ్గర 1,500 మంది సచ్చిపోయిన్రు. గప్పుడు సార్నాఫ్‌కు 21 ఏండ్లు. న్యూయార్క్‌ల వానమేకర్ అనే పెద్ద దుకాణం మీద మార్కోని స్టేషన్ ఉండె, అండ్ల పని చేస్తుండె. తర్వాతి కాలంల ఆయన చెప్పుకున్న కథ గిది: టైటానిక్ కబురు తనే అందుకున్నడు. 72 గంటలు ఒక్కడే చెవులకు హెడ్‌ఫోన్ తీయకుండ కూసున్నడు. తన పనికి అడ్డం రావొద్దని దేశాధ్యక్షుడు మిగిలిన స్టేషన్లన్ని బందు పెట్టిచ్చిండు. ఈ కథ పత్రికలల్ల వచ్చింది, పుస్తకాలకెక్కింది.

పరిశోధకులు అప్పటి కాయితాలు తిరగేసి చూస్తె తేలింది వేరు. ఓడ మంచుకొండకు గుద్దుకున్నది ఆదివారం రాత్రి. ఆ యాళ్లకు దుకాణం మూసి ఉన్నది. మొదటి కబురు అమెరికా దిక్కు వచ్చింది న్యూఫౌండ్‌లాండ్ దీవిల ఉన్న కేప్ రేస్ స్టేషన్ నుంచి. సార్నాఫ్ తర్వాత పనిల చేరిండు, బతికినోళ్ల పేర్లు అందుకునే పనిల ఉన్నడు, అది నిజం. గని ఒక్కడే లేడు, ఆయనతోని ఇంకొందరు ఆపరేటర్లున్నరు. ఆ తోటోళ్ల పేర్లు ఈ కథల యాడా కనబడయి.

గింత చిన్న దాన్ని ఎందుకు పట్టుకున్నవ్ అన్నా అంటరేమో. ఎందుకంటె ఈ అలవాటు ఆయన బతుకంత కనబడుతది. చేసిన పనికి పది రెట్లు చెప్పుడు, పక్కన పనిచేసినోన్ని కథల నుంచి తీసేసుడు.

ఓడల కాడికెళ్లి ఇంట్లకు

ఇగ ఆయన అసలు తెలివి చూద్దాం. ఆ రోజులల్ల వైర్‌లెస్ అంటె ఓడకూ ఒడ్డుకూ నడుమ మాట. అందులో ఒక ఇబ్బంది ఉండె. ఒకనికి పంపిన సందేశం ఎవ్వడైనా వినొచ్చు, గుట్టు ఆగదు. కంపెనీలన్ని దాన్ని లోపం అనుకున్నయి. సార్నాఫ్ ఆ లోపాన్నే తిరగేసి చూసిండు. అందరు వినొచ్చు అంటె, ఒక్క తావున పాట పాడితె వేల ఇండ్లల్ల వినిపిస్తది గదా! ఒక పెట్టె చేద్దాం, మీటలు తిప్పితె పాట రావాలె, వార్త రావాలె, పట్నం దూరమున్న రైతు ఇంట్ల గూడ రావాలె. దానికి పెట్టిన పేరు రేడియో మ్యూజిక్ బాక్స్. ధర 75 డాలర్లు అనుకున్నడు. మూడేండ్లల్ల పది లక్షల పెట్టెలు అమ్మొచ్చు అని లెక్క కట్టిండు.

దీంట్ల గూడ ఒక మెలిక ఉన్నది. ఈ ఆలోచన 1915లనే రాసిచ్చిన అని ఆయన చెప్పుకునేటోడు. పూర్తి లెక్కలతోని దొరికిన కాయితం మాత్రం 1920ది. 1916ల ఒక ఉత్తరంల ఈ ముచ్చట కొద్దిగ ఉన్నది. అంటె ఆలోచన ముందే వచ్చిందన్నది నిజమే, ఎంత వివరంగ వచ్చిందన్న కాడ అనుమానం. ఇంకొకటి, ఆయన కంపెనీ కదలకముందే పిట్స్‌బర్గ్‌ల వెస్టింగ్‌హౌస్ కంపెనీ కేడీకేఏ అనే స్టేషన్ పెట్టి 1920 నవంబర్ 2న ఎలక్షన్ ఫలితాలు చదివింది. కాబట్టి మొదటోడు అని గూడ అనలేం.

గని అమ్ముడుల మొనగాడు. 1919ల అమెరికా మార్కోని కంపెనీని జనరల్ ఎలక్ట్రిక్ కొని, రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, అంటె ఆర్‌సీఏ అని కొత్త కంపెనీ పెట్టింది. సార్నాఫ్ దాంతోని పాటే వచ్చిండు. 1921 జులై 2న డెంప్సీ, కార్పెంటియర్ అనే ఇద్దరు బాక్సర్ల కుస్తీని రేడియోల వినిపిచ్చిన్రు, ఆ ఏర్పాట్లల్ల ఈయన చెయ్యి గూడ ఉన్నది. సినిమా హాళ్లల్ల, క్లబ్బులల్ల జనం గుంపులు గుంపులుగ కూసొని విన్నరు. ఇగ ఇంటింటికి రేడియో కావాలె. ఆర్‌సీఏ 1922ల 1 కోటి 10 లక్షల డాలర్ల రేడియోలు అమ్మింది. 1924ల 5 కోట్ల డాలర్లు. ఆయన కట్టిన లెక్క నిజమైంది.

పాటకు పైసలెవరియ్యాలె?

పెట్టె కొన్నరు సరే. రోజు పాట పాడేటోనికి, వార్త చదివేటోనికి జీతం ఎవరియ్యాలె? 1922ల సార్నాఫ్ చెప్పిన తీరు మంచిగుండె. రేడియోలు అమ్మి లాభం తినే కంపెనీలే అమ్మకాలల్ల 2 శాతం తీసి ఒక సంస్థ పెట్టాలె, అది లైబ్రరీ లెక్క జనానికి సేవ చెయ్యాలె అన్నడు. అదే ఏడు ఆగస్టుల టెలిఫోన్ కంపెనీ నడిపే డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్ల, ఇండ్లు అమ్మే ఒక కంపెనీ 50 డాలర్లు కట్టి పది నిమిషాలు తన సరుకు గురించి మాట్లాడింది. అది కాసుల తొవ్వ అని అందరికి సమజైంది. 1926ల ఆర్‌సీఏ ఆ స్టేషన్‌నే 10 లక్షల డాలర్లకు కొని ఎన్‌బీసీ పెట్టింది. లైబ్రరీ ముచ్చట పక్కకు పోయింది, ప్రకటనల జమానా వచ్చింది.

మన దిక్కు వేరే తొవ్వ నడిచింది. మా తాత ఇంటి రేడియోకు ఏడాదికోసారి పోస్టాఫీసుల లైసెన్స్ కట్టేటోడు. ఆ బుక్కు ట్రంకు పెట్టెల భద్రంగ ఉంటుండె. సర్కారు రేడియోల సర్కారు మాటే ఎక్కువ, అమెరికా రేడియోల సబ్బు కంపెనీ మాటే ఎక్కువ. పైసలు ఎవరిస్తె పాట వాళ్లదే అన్నది రెండు కాడలా నిజమే. ఇప్పుడు మీరు పుకట్‌గ చూసే వీడియో నడుమ వచ్చే యాడ్ గూడ ఆ 50 డాలర్ల తొవ్వలకెళ్లి వచ్చిందే.

పెట్టె చేసిన చేతులు

1930ల 39 ఏండ్లు నిండకముందే సార్నాఫ్ ఆర్‌సీఏ ప్రెసిడెంట్ అయ్యిండు. అంతకు ముందేడే విక్టర్ గ్రామఫోన్ కంపెనీని కొన్నరు. పాత రికార్డుల మీద కుక్క బొమ్మ చూసే ఉంటరు. అమెరికాల ఆ కుక్క బొమ్మ గూడ ఆర్‌సీఏ చేతికొచ్చింది. కంపెనీ బలం అంత పేటెంట్లల్ల ఉండె. పెద్ద కంపెనీల పేటెంట్లన్ని ఒక్క తావున కుప్పేసిన్రు. అమెరికాల ఎవ్వడు రేడియో చేసినా ఆర్‌సీఏకు కప్పం కట్టాలె. ఇది గుత్తాధిపత్యం అని 1930ల సర్కారే కేసు పెట్టింది. 1932ల రాజీ కుదిరి జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ పక్కకు జరిగినయి. కేసు పడ్డది కంపెనీ మీద, గని ఆఖరికి పై సేట్లు పోయి సార్నాఫ్‌కే పెత్తనం దొరికింది. గమ్మతి చూడున్రి.

మరి ఆ రేడియోలను చేతులతోని చేసినోళ్లెవరు? న్యూజెర్సీ రాష్ట్రం క్యామ్‌డెన్ ఫ్యాక్టరీల వేల మంది కూలీలు, అండ్ల మస్తుగ ఆడోళ్లు. 1936ల యూనియన్ కోసం సమ్మెకు దిగిన్రు. కొట్లాటలైనయి, జైళ్లకు పోయిన్రు, వెనుకకు తగ్గలే. నాలుగేండ్లకు, 1940ల, కంపెనీ రేడియోలు చేసే పనిని ఇండియానా రాష్ట్రంల బ్లూమింగ్టన్‌కు మోసుకపోయింది. అక్కడ కూలి తక్కువ, ఊర్ల ఆడపిల్లలు పనికి దొరుకుతరు. ఇంకా తర్వాత కొన్ని పనులు మెక్సికోకు పోయినయి. ఒకప్పుడు బతుకుదెరువు కోసం సముద్రం దాటిన పిలగాడు నడిపిన కంపెనీ, కూలి తక్కువున్న ఊర్లు ఎతుక్కుంట తిరిగింది.

ఆర్మ్‌స్ట్రాంగ్

ఇగ మొదట చెప్పిన కొట్లాట. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్‌ల పుట్టినోడు, సార్నాఫ్ కన్న రెండు నెలలు పెద్ద. చదువుకునే రోజులల్లనే, 1912ల, సన్నటి సిగ్నల్‌ను పెద్దగ చేసే సర్క్యూట్ కనిపెట్టిండు. 1918ల ఇంకొకటి, దాని పేరు సూపర్‌హెటెరోడైన్. ఏ స్టేషన్ అల వచ్చినా రేడియో లోపల దాన్ని ఒక్క ఖాయమైన లెక్కకు దించి, అక్కడ బలం పెంచే తీరు అది. గిది లేనప్పుడు స్టేషన్ పట్టాలంటె బగ్గ మీటలు తిప్పాలె. మన తాతల ట్రాన్సిస్టర్‌ల ఒక్క చక్రం తిప్పితె వివిధభారతి వచ్చిందంటె అది ఆర్మ్‌స్ట్రాంగ్ పుణ్యమే.

సార్నాఫ్, ఆర్మ్‌స్ట్రాంగ్ జిగ్రీ దోస్తులు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంట్లు ఆర్‌సీఏ కొన్నది, దానికి షేర్లిచ్చింది. ఆ లెక్కన కంపెనీల అందరికన్న ఎక్కువ షేర్లున్న మనిషి ఆయనే అయ్యిండు. 1923ల పెండ్లి చేసుకున్నది గూడ సార్నాఫ్ దగ్గర సెక్రటరీగ చేసే మేరియన్‌నే.

ఉరుము ఉరిమితె, బోరు మోటరు స్టార్టర్ కొడితె పాత రేడియో గరగరమనుడు మీకెరుకే. ఆ రేడియోల మాట అంత అల ఎత్తు మీద ఎక్కి వస్తది. మెరుపు గూడ అదే ఎత్తు మీద ఎక్కుతది. అందుకే గరగర. ఈ రోగానికి మందు కనిపెట్టమని సార్నాఫే అడిగేటోడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏండ్లు కష్టపడి, అల ఎత్తు మారకుండ అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదన్నది మాత్రమే మారే తీరు తయారు చేసిండు. అదే ఎఫ్‌ఎం. 1933ల పేటెంట్లు వచ్చినయి. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఆర్‌సీఏ తావుల పరీక్షలు చేసిండు. గరగర లేదు, గాజు పలిగినట్టు స్పష్టంగ వచ్చింది.

సార్నాఫ్ చిన్న మందు అడిగిండు, ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్త పాణమే తెచ్చిండు. దీన్ని ఒప్పుకుంటె ఉన్న స్టేషన్లు, ఉన్న రేడియోలు, ఉన్న పేటెంట్లు అన్ని పాతబడుతయి. పైగ సార్నాఫ్ మనసు టీవీ మీద ఉన్నది, పైసలన్ని అటే పోతున్నయి. 1935ల ఆ బిల్డింగ్ మీదికెళ్లి నీ సామాను తీసుకపో అన్నరు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంత పైసలతోని న్యూజెర్సీ ఆల్పైన్‌ల టవర్ కట్టి ఎఫ్‌ఎం నడిపిండు. 1940ల సర్కారు ఎఫ్‌ఎంకు 42 నుంచి 50 మెగాహెర్ట్జ్ జాగ ఇచ్చింది. స్టేషన్లు లేసినయి, లక్షల రేడియోలు అమ్ముడుపోయినయి. ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లు ఒక్కసారి ఇస్త, ఇగ అడగొద్దు అన్నది. మిగిలిన కంపెనీలు అమ్మకాలల్ల వాటా ఇస్తున్నయి, మీరూ గట్లనే ఇయ్యున్రి అని ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకోలే.

1945ల సర్కారు ఎఫ్‌ఎం జాగనే మార్చింది. పాత జాగల దూరపు సిగ్నల్స్ అడ్డమొస్తయని వాళ్ల ఇంజినీర్లు చెప్పిన్రు. ఎఫ్‌ఎంను దెబ్బతీసే కుట్ర అని ఆర్మ్‌స్ట్రాంగ్ నమ్మిండు. కొత్త జాగ 88 నుంచి 108. ఒక్క దెబ్బకు జనం కొన్న ఎఫ్‌ఎం రేడియోలన్ని, ఆయన కట్టిన స్టేషన్ సామానంత పనికిరాకుండ పోయినయి. అటు ఆర్‌సీఏ టీవీలల్ల శబ్దం కోసం ఎఫ్‌ఎంనే వాడుకుంట, ఆయనకు పైస ఇయ్యలే. 1948ల కేసేసిండు. కంపెనీ వకీళ్లు వాయిదాల మీద వాయిదాలు సాగదీసిన్రు. పేటెంట్ గడువు దాటింది, పైసలైపోయినయి, ఇల్లు చెదిరింది. 1954 జనవరి 31 రాత్రి ఆర్మ్‌స్ట్రాంగ్ తన పాణం తానే తీసుకున్నడు.

అదే ఏడు చివరల ఆర్‌సీఏ రాజీకొచ్చి 10 లక్షల డాలర్ల పైన కట్టింది. మేరియన్ మిగిలిన కంపెనీల మీద కేసులు ఇడవలే. ఒక్కొక్కటి గెలుచుకుంట వచ్చి 1967ల ఆఖరిది గూడ గెలిచింది. మొగని కష్టానికి న్యాయం తెచ్చింది ఆ ఇల్లాలే. ఆర్మ్‌స్ట్రాంగ్ ఉండి ఉంటె ఆ గెలుపులన్ని కండ్లార చూసేటోడు. కష్టం మీదపడి తొవ్వ కనబడని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్క ముచ్చట మర్చిపోకున్రి. ఒక్కరే మొయ్యకున్రి, పక్కన ఉన్నోళ్లకు చెప్పుకోన్రి.

ఏం తీసుకోవాలె?

టీవీ కాడ గూడ ఇదే లొల్లి. బడిల ఉన్నప్పుడే ఎలక్ట్రానిక్ టీవీ ఆలోచన చేసిన రైతు కొడుకు ఫైలో ఫార్న్స్‌వర్త్‌తోని ఆర్‌సీఏ ఏండ్లు కొట్లాడి, ఆఖరికి 1939ల 10 లక్షల డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకున్నది. సార్నాఫ్ రెండో ప్రపంచ యుద్ధంల సైన్యానికి సమాచార పనులు చూసి బ్రిగేడియర్ జనరల్ అయ్యిండు. అప్పటికెళ్లి అందరు జనరల్ అనే పిలిచేటోళ్లు. 1971 డిసెంబర్ 12న 80 ఏండ్లకు న్యూయార్క్‌ల సచ్చిపోయిండు.

ఆయన్ని దొంగ అనుడు నా ఉద్దేశం కాదు. భాష రాని దేశంల తొమ్మిదేండ్ల పిలగాడు ఇల్లు మోసిండు. లోపం అనుకున్నదాంట్ల జనానికి పనికొచ్చేది చూసిండు. అది ఉత్తగ వచ్చే తెలివి కాదు. గని కనిపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్, కుట్టి బిగిచ్చిన క్యామ్‌డెన్ ఆడబిడ్డలు, దుకాణం మీద పక్కన కూసున్న ఆపరేటర్లు లేకుంటె ఆ తెలివి పెట్టెల పాటైతుండెనా? ఒక్కడే చేసిండు అనే కథ ఎవరు చెప్పినా, ఆ ఒక్కని ఎనుక ఉన్నోళ్ల పేర్లు అడగున్రి. మీరు ఏదన్న తయారు చేస్తె, పాటైనా, యాప్ అయినా, పొలంల పనికొచ్చే పనిముట్టైనా, సంతకం పెట్టేముందు కాయితం మొత్తం చదవున్రి, చదవరాకుంటె చదివిపిచ్చుకోన్రి.

ఇయ్యాల రాత్రి వైరు గుచ్చి ఎఫ్‌ఎం పెట్టున్రి. 88 కాడికెళ్లి 108 దాక తిప్పున్రి. అది ఆర్మ్‌స్ట్రాంగ్‌ను జరిపిన జాగ. పాట మాత్రం ఆయనదే, గరగర లేకుండ వస్తది.